నలభై తొమ్మిదో లెవల్‌లో సోమన్న

ఎమ్మిగనూరులో సోమన్నను ఎరిగినవాళ్లెవరికైనా, ఆయన ఫోన్లో ఆట ఆడతాడంటే ముందు నవ్వొస్తుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. మీసాలు రాకముందే గుంతమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు, ఇప్పటికీ అక్కడే కూర్చుంటాడు. నేసేది నూలు చీరలు. మాట తక్కువ. పెళ్లికి పోయినా ఒక మూల కుర్చీ చూసుకుని, భోజనాలకు పిలిచేదాకా చప్పుడు లేకుండా ఉంటాడు. ఎవరైనా ఒక మాట అంటే తిరిగి అనడు, పక్కకు జరుగుతాడు. ఆయనతో పోట్లాడాలన్నా కుదరదని, పోట్లాటకు అవతల ఒక మనిషి ఉండాలి కదా అని భార్య శశికళ నవ్వుతుంటుంది.

అలాంటి మనిషి ఆటలో గద పట్టుకున్నాడు.

రెండేళ్ల కిందట ఆయనకు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది కానీ కీళ్లు పట్టేసుకున్నాయి. రెండు నెలల పైన మగ్గం ఎక్కలేదు. పొద్దస్తమానం మంచం మీద పడుకుని దూలాలు లెక్కపెడుతుంటే చూడలేక, కర్నూలులో డిగ్రీ చదివే కూతురు శివలీల సెలవులకు వచ్చినప్పుడు ఆయన ఫోన్లో ఒక ఆట ఎక్కించింది. అందులో వేలమంది ఒకేసారి ఆడతారు. ఎవరికి వాళ్లు ఒక మనిషిని తయారు చేసుకుని, గుట్టల్లో అడవుల్లో తిప్పుతూ మృగాలతో పోరాడించాలి. గెలిచిన కొద్దీ ఆ మనిషికి బలం పెరుగుతుంది. ఆ బలానికి మెట్లున్నాయి, వాటినే లెవల్ అంటారు.

విలుకాణ్ని తీసుకోమని శివలీల చెప్పింది. దూరంగా నిలబడి బాణాలేస్తే చాలు, త్వరగా పైకి పోవచ్చు. మంత్రాలేసేవాడైనా ఫర్వాలేదు. సోమన్న బొమ్మలన్నీ చూసి, గద, డాలు పట్టుకున్న లావుపాటి మనిషి మీద వేలు పెట్టాడు. ఎదురుగా నిలబడి కొట్టేవాడైతే ఏం జరుగుతోందో తనకు తెలుస్తుందన్నాడు. పేరు రాయమంటే ఏం రాయాలో తోచక "ఎమ్మిగనూరు సోమన్న" అని ఉన్న పేరే రాశాడు. శివలీల పడీపడీ నవ్వింది. ఆయన మార్చలేదు.

గదవాడితో ఆడటం ఎంత కష్టమో ఆయనకు నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది. కొట్టాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే దెబ్బలు తినాలి. విలుకాడు గుట్ట మీద నుంచి పది తోడేళ్లను పడగొట్టే లోపల ఈయన ఒక్కదాన్ని పడగొట్టి, తానూ పడిపోయేవాడు. పడిపోతే ఊరి గుమ్మం దగ్గర మళ్లీ లేస్తాడు. అక్కడి నుంచి తోడేళ్ల దగ్గరికి అంతదూరం మళ్లీ నడవాలి. ఆయనతోపాటు మొదలుపెట్టినవాళ్లు ముప్పయ్యో లెవల్ దాటిపోతే, సోమన్న పదిహేడు దగ్గరే ఉన్నాడు. గుంపుల్లో చేరబోతే తీసేసేవాళ్లు. ఒకడైతే, తాతా, నీకెందుకు ఇది అని రాశాడు. సోమన్న ఆ గుంపులో నుంచి పక్కకు జరిగాడు కానీ ఆట మానలేదు. రోజుకు జానెడే నేసినా చీర ఎప్పటికో ఒకప్పటికి పూర్తవుతుందని తెలిసినవాడు కదా.

ఒక మధ్యాహ్నం ఎండిపోయిన వాగులో మూడు దుమ్ములగొండ్లు ఆయన్ను చుట్టుముట్టాయి. ప్రాణం గీత ఎర్రబడి చివరికి వచ్చింది. ఇక పడిపోతానని ఫోను కింద పెట్టబోతుంటే, ఆ గీత తనంతట తానే పచ్చగా నిండింది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లబట్టలు వేసుకున్న ఒక మనిషి చేతులు చాపి నిలబడి ఉన్నాడు. గాయాలు మాన్పేవాడు. ఆటలో హీలర్ అంటారు. తల మీద "పిల్లగాలి" అని పేరుంది. కింద ఒక మాట వచ్చింది: "నువ్వు కొడతా ఉండు సోమన్నా. ఎనక నేను చూసుకుంటా."

మూడూ పడిపోయాయి. సోమన్న చాలాసేపు ఆలోచించి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ "శానా మేలు అన్నా" అని రాశాడు.

అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఇద్దరూ కలిసి తిరిగేవాళ్లు. సోమన్న కీళ్లు సర్దుకుని మగ్గం ఎక్కినా, అన్నం తిన్నాక ఆ ఒక్క గంటా అలాగే ఉండిపోయింది. ఆయన ముందు నిలబడి దెబ్బలు తినేవాడు, పిల్లగాలి వెనక నుంచి మాన్పేవాడు. ఇరవై, ముప్పై, నలభై దాటాయి. మధ్యమధ్యలో రెండు మూడు మాటలు రాసుకునేవాళ్లు. పిల్లగాలిది ఆలూరని, అంగడి ఉందని, మధ్యాహ్నం బేరాలు ఉండవు కాబట్టి ఆ వేళకు వస్తాడని తెలిసింది. అంతకుమించి సోమన్న అడగలేదు. ఎవరినీ ఏమీ అడిగే అలవాటు ఆయనకు లేదు.

యాభయ్యో లెవల్‌కు పోవాలంటే రాతిదున్న అనే మృగాన్ని పడగొట్టాలి. ఇద్దరే పోవాలి, మూడోవాడు రాకూడదు. రెండుసార్లు పోయి ఓడిపోయారు. మే నెలలో మూడోసారి పోయారు. ఆ రోజు అన్నీ కలిసొచ్చాయి. ముప్పావుగంట కొట్టుకున్నాక దున్న ప్రాణం పావు వంతుకు దిగింది. సోమన్న చేతులు చెమటలు పట్టి జారిపోతున్నాయి. అప్పుడు పిల్లగాలి రాశాడు: "మబ్బు పట్టింది. చింతపండు మిద్దె మీద ఆరబోసినా. ఒక్క నిమిషం."

తెల్లబట్టల మనిషి ఉన్నచోటే కదలకుండా నిలబడిపోయాడు. సోమన్న ఒక్కడే ఓర్చుకున్నాడు, డాలు అడ్డం పెట్టాడు, వెనక్కి తగ్గాడు. ఒక నిమిషం కాదు, నాలుగు నిమిషాలు. దున్న ఆయన్ను పడగొట్టేసింది.

సోమన్నకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే రాశాడు: "ఇంత పొద్దు కొట్టుకుంటే నీకు చింతపండు ఎక్కువైపాయనా. నీలాంటోనితో ఆడకూడదు నేను. ఇంగ రావద్దు." పంపించాక ఫోను మంచం మీద పారేసి మగ్గంలోకి దిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరిని తిట్టడం అదే మొదలు.

సాయంత్రానికి కోపం దిగింది. మర్నాడు రెండు గంటలకు తప్పు ఒప్పుకుందామని ఆట తెరిచాడు. పిల్లగాలి లేడు. ఆ మర్నాడూ లేడు. అలిగాడనుకున్నాడు. "అన్నా, తప్పు నాదే, రా" అని రాశాడు. జవాబు లేదు.

మూడో రోజు టీ అంగట్లో పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో చిన్న వార్త కనబడింది. ఆలూరు వైపు అకాల వాన, పిడుగు పడి ఇద్దరు మృతి. తేదీ చూశాడు. అదే రోజు, అదే వేళ. చనిపోయినవాళ్ల పేర్లు కూడా వేశారు. సోమన్న ఆ రెండు పేర్లూ నాలుగుసార్లు చదివాడు. చదివి ఏం లాభం? ఆలూరులో ఆయనకు తెలిసిన పేరు పిల్లగాలి ఒక్కటే. ఆ మనిషి అసలు పేరు ఏడాదిన్నరలో ఒక్కసారైనా అడిగి ఉంటే, ఇప్పుడు ఈ రెండు పేర్లలో అది ఉందో లేదో తెలిసేది.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. అన్నం సగం తిని లేచేవాడు. మగ్గం మీద పోగులు తెగుతుంటే అతికించకుండా చూస్తూ కూర్చునేవాడు. రోజూ రెండు గంటలకు ఆట తెరిచి, "అన్నా, యాడుండావు", "అన్నా, ఒక్క మాట పలుకు" అని రాసేవాడు. మిద్దె మీద, మబ్బు కింద, చింతపండు ఎత్తుకుంటున్న మనిషి ఆయన కళ్ల ముందు నుంచి పోయేవాడు కాదు. ఆ మనిషి చివరగా చదివింది తన తిట్టే అయితే?

పదో రోజు శశికళ నూలు కండెలు చుట్టడం ఆపి ఆయన ముందు కూర్చుంది. ఏమైందో చెప్పేదాకా లేవనంది. సోమన్న అంతా చెప్పాడు. ఫోన్లో ఆటకు ఇంత బాధపడతావా అని ఆమె నవ్వుతుందేమోనని భయపడ్డాడు. ఆమె నవ్వలేదు.

"ఈడ కూసుంటే తెలుస్తాదా? ఆలూరేమన్నా దేశం అవతలుండాదా. పొయ్యి చూసి రా."

"పోయి ఎవురిని అడగల్ల? ఏమని అడగల్ల?"

"నోరుండాది కదా. అడుగు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. ఆదోనిలో దిగి ఆలూరు బస్సు మారాడు. దారి పొడుగునా దుక్కి దున్ని వానకు చూస్తున్న చేలు. ఎవరిని ఏమని అడగాలో లోలోపల మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. మగ్గం సామాను తప్ప బజారులో ఏదీ తానుగా అడిగి కొన్న మనిషి కాదాయన.

ఆలూరు బస్టాండులో దిగి టీ తాగాడు. గ్లాసు తిరిగిస్తూ, పిడుగు పడి పోయినవాళ్లెవరని ఎలాగో అడిగేశాడు. టీ కాసే మనిషి, అడిగేవాడు చుట్టమనుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. ఇద్దరూ పల్లెలవాళ్లు. ఒకడు గొర్రెలు కాసేవాడు, ఒకామె కూలికి పోయింది. ఊళ్లో అంగడి ఉన్నవాళ్లు కారు. సోమన్న అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ ఇద్దరిలో పిల్లగాలి లేడు. కానీ టీ అతను ఇంకో మాట కూడా అన్నాడు. ఆ రోజే పెద్దబజారులో ఎవరో అంగడివాళ్లు మిద్దె మెట్ల మీద జారి పడ్డారట, ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయారట, తర్వాత సంగతి తనకు తెలియదన్నాడు.

సోమన్న మళ్లీ లేచాడు. పెద్దబజారులో అంగడి తర్వాత అంగడి ఎక్కి దిగాడు. మెట్ల మీద పడ్డ మనిషి సంగతి అడగడానికి ధైర్యం చాలలేదు. చింతపండు అమ్మే మనిషి, ఫోన్లో ఆట ఆడతాడు అని అడిగితే అందరూ ఎగాదిగా చూశారు. చింతపండు అన్ని అంగళ్లలోనూ ఉంది, ఫోన్లో ఆట అందరూ ఆడతారు. మూడో అంగడివాడు మాత్రం, ఫోన్ల సంగతి ఫోన్లు బాగుచేసేవాణ్నే అడగమని ఈరేష్ అంగడి చూపించాడు.

ఈరేష్‌కు ముప్పై ఏళ్లుంటాయి. కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో ఫోను విప్పుతున్నాడు. సోమన్న చెప్పింది సగం విని చేతిలో పని ఆపాడు.

"ఆ వాన రోజు తడిసిన ఫోను ఒగటి నిన్న వచ్చిందప్పా. చింతపండు మూటతో పాటు మెట్ల కింద నీళ్లల్లో పడిండాది. బాగు కాదని చెప్తే, ఫోను పోతే పోనీ, లోపల నా ఆటుండాది అని ఒకటే బాధ పడిరి."

"ఎవురప్పా ఆయప్ప? బాగుండాడా?"

"ఆయప్ప కాదు, ఆయమ్మ" అన్నాడు ఈరేష్. "సుందరలక్ష్మమ్మ. కేశవయ్య అంగడి. ఆ మలుపులో."

సోమన్న ఆ మలుపు ఎలా తిరిగాడో ఆయనకే గుర్తులేదు. బస్తాల మధ్య, తక్కెడ పక్కన, ముక్కాలి పీట మీద అరవై దాటిన ఒకామె కూర్చుని ఉంది. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. ఎడమచేత్తో ధనియాలు చాటలోకి తీస్తోంది. లోపల ఒక పెద్దాయన పంచాంగం చూసుకుంటున్నాడు.

"ఏం కావల్లప్పా?" అంది ఆమె.

"నేను సోమన్నను. ఎమ్మిగనూరు" అన్నాడు.

ఆమె చేతిలోని ధనియాలు చాటలో వదిలేసింది. ఆయన్ను తల నుంచి కాలిదాకా చూసింది.

"ఎమ్మిగనూరు సోమన్నవా? గద పట్టుకుండే సోమన్నవా?"

సోమన్న తలూపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి సిగ్గుపడి బస్తాల వైపు తిరిగాడు. ఆమె లోపలికి కేకేసింది. భర్త కేశవయ్యకు చెవులు సరిగ్గా వినబడవు. రెండుసార్లు చెబితే గానీ వచ్చింది ఎవరో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయనే బయటికొచ్చి సోమన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. మధ్యాహ్నం అంగట్లో కూర్చుని ఈమె ఎవరికో దెబ్బలు మాన్పుతుంటుందని తనకు తెలుసునని, ఆ మనిషి నిజంగా ఉంటాడని మాత్రం అనుకోలేదని అన్నాడు.

జరిగింది ఆమె చెప్పింది. చింతపండు మూటకట్టి దించుతుంటే వాన ముంచుకొచ్చింది. తడి మెట్టు మీద కాలు జారింది. మణికట్టు విరిగింది. ఆదోనిలో కట్టు కట్టారు. తర్వాత వారం రోజులు గుంతకల్లులో చెల్లెలి ఇంట్లో ఉండి నిన్ననే వచ్చింది. ఈ ఆట ఆ చెల్లెలి మనవరాలు శ్రీవాసవి ఒక పెళ్లిలో తన ఫోన్లో ఎక్కించింది. మొదట తనూ కత్తి పట్టుకుంది కానీ దగ్గరికి పోయి కొట్టాలంటే చెయ్యి రాలేదు.

"ముందర ఒగరు నిలబడితే ఎనకుండి చూసుకునేది నాకు చేతనైతాది. నలభై ఏండ్ల సంది ఈ అంగట్లో చేసేది అదే కదా" అంది.

అన్నా అని పిలుస్తుంటే ఎందుకు చెప్పలేదని సోమన్న అడిగాడు. అన్నా అని పిలిపించుకోవడం బాగుందంది ఆమె. అయితే ఇప్పుడు ఆట మొత్తం పోయింది. నలభై తొమ్మిది లెవల్లు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే ఓపిక తనకు లేదని, అది తలచుకుంటే చెయ్యి నొప్పికంటే ఎక్కువగా ఉందని చెప్పింది.

ఇక్కడ సోమన్నకు తెలిసిన సంగతి ఒకటుంది. నిరుడు శివలీల ఆయనకు ఫోను మార్చినప్పుడు ఆట ఎక్కడికీ పోలేదు, పాత నంబరుతోనే తిరిగొచ్చింది. ఈరేష్ దగ్గరికి పోయి తడిసిన ఫోనులోని సిమ్ము తెచ్చాడు. సిమ్ముకు ఏమీ కాలేదు. దాన్ని కేశవయ్య ఫోన్లో వేసి, ఆట ఎక్కించడానికి పెట్టాడు. అది ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. ఆలోగా కేశవయ్య ఎడమచేతి వంట అని భార్యను ఎగతాళి చేస్తూ తానే రొట్టె, వంకాయ కూర, పెరుగన్నం వడ్డించాడు. పదకొండు రోజుల తర్వాత సోమన్న కడుపునిండా తిన్నాడు. రెండో రొట్టె అడిగి వేయించుకున్నాడు.

నంబరుకు ఓటీపీ వచ్చింది. తెర మీద రాతిదున్న గుహ ముందు తెల్లబట్టల మనిషి నిలబడి ఉన్నాడు. నలభై తొమ్మిదో లెవల్. సుందరలక్ష్మి ఎడమచేత్తో నోరు మూసుకుంది.

అంతలో పాత మాటలన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా వచ్చాయి. అన్నిటికంటే ముందు ఆయన తిట్టిన తిట్టు. ఆట తిరిగొస్తే ఇది కూడా వస్తుందన్న సంగతి సోమన్నకు తట్టనేలేదు. ఆమె అద్దాలు పెట్టుకుని, కేశవయ్యకు వినబడేలా గట్టిగా చదివింది. నీకు చింతపండు ఎక్కువైపాయనా. ఇంగ రావద్దు. తర్వాత, అన్నా, తప్పు నాదే. తర్వాత, అన్నా, యాడుండావు. అన్నా, పేపర్లో చూసినా, నువ్వు కాదు కదా. అన్నా, ఒక్క మాట పలుకు. చదువుతున్నకొద్దీ ఆమె గొంతు తగ్గింది. చివరివి లోపలే చదువుకుంది.

"నోరు జారినానమ్మా" అన్నాడు సోమన్న. "ఎప్పుడూ ఎవురినీ అన్నోన్ని కాదు. మీరు అది చదివి పోయినారేమోనని ఈ పదకొండు దినాలు..."

"తిట్టినందుకు తప్పేముండాది లేప్పా. పావలా ప్రాణం ఉన్న దున్నను వదిలిపెట్టి పోతే నేనైనా తిడుదును." అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఇందులో ఒక్క మాటే తిట్టు. మిగతావి ఎన్నుండాయో చూడు."

పదకొండు రోజులుగా సోమన్న గుండెల మీద కూర్చున్నది లేచి పోయినట్లనిపించింది. ఉన్నట్టుండి ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కేశవయ్య ఏమైందని అడిగాడు, మళ్లీ మొదటి నుంచి అంతా గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

వచ్చేటప్పుడు వద్దన్నా వినకుండా రెండు కిలోల చింతపండు కట్టిచ్చారు. బస్టాండు నుంచి శశికళకు ఫోను చేశాడు. బాగుండాది, ఆయమ్మ బాగుండాది అని రెండుసార్లు చెప్పాడు. ఆయమ్మ ఎవరని శశికళ అడిగితే ఇంటికొచ్చి చెబుతానన్నాడు. ఆదోనిలో బస్సు మారింది మాత్రం గుర్తుంది. తర్వాత ఎమ్మిగనూరులో కండక్టరు భుజం తట్టి లేపేదాకా ఒళ్లు తెలియని నిద్ర.

జూన్ చివర్లో సుందరలక్ష్మి కట్టు విప్పారు. వేళ్లు సరిగ్గా ఆడటానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా సోమన్న ఒంటరిగా చిన్నచిన్న మృగాలతోనే తిరిగాడు, రాతిదున్న వైపు పోలేదు. జూలై ఆఖర్లో ఇద్దరూ కలిసి పోయారు. మొదటిసారి ఓడిపోయారు. రెండోసారి దున్న పడింది. యాభయ్యో లెవల్‌కు వచ్చినందుకు సోమన్నకు కొత్త డాలు దొరికింది, దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. శివలీల వచ్చినప్పుడు చదివించుకోవాలనుకున్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నాలు సోమన్న ఆట తెరవకముందే సుందరలక్ష్మికి ఫోను చేస్తాడు. చెయ్యి ఎట్లుండాదమ్మా అని అడుగుతాడు. పెద్దాయన తిన్నాడా అని అడుగుతాడు. అన్నీ అడిగాకే గద తీసుకుంటాడు. ఈ మధ్య శశికళ కూడా ఫోను లాక్కుని మాట్లాడుతోంది, ఒక్కోసారి రెండున్నర దాకా ఆట మొదలే కాదు.